వెనక్కి రమ్మన్న చెయ్యి

మడ్‌హెన్ చెరువు పార్కులో జనం బళ్ళు నిలిపి రాత్రుళ్ళు ఉండే జాగాల్లో పదిహేడో నంబరు మంచిది కాదు. మా ఊరు స్టెన్‌బర్గ్‌లో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. మా పాస్టరుగారు మాత్రం నవ్వేసి ఊరుకుంటారు. ఆయన కూడా పొద్దుగూకాక అటు వెళ్ళగా నేను చూడలేదు.

నా సంగతంటారా — పేరు మార్లిస్. ఓపిక ఉన్నన్నాళ్ళూ స్కూలు బస్సు నడిపాను. ఇప్పుడు వేసవి వేసవంతా ఆ పార్కు గేటు పక్కనే నా పాత ట్రైలర్లో కాపురం. వచ్చినవాళ్ళకి కట్టెలమ్ముతాను, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తాను, రాత్రిపూట పాటలు గట్టిగా పెట్టేవాళ్ళని తిడతాను. తిట్టడం దగ్గర నాకు మంచి పేరే ఉంది. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చీకటి పడ్డాక పదిహేడో నంబరుకి వెళ్ళను. రెండూ నిజమే.

అది చిట్టచివరి జాగా. రోడ్డు అక్కడ వంపు తిరిగి చెరువు వైపు వాలుతుంది. వెనక రెండు పెద్ద కాటన్‌వుడ్ చెట్లు... చెట్ల వెనక గట్టు... గట్టు కింద నీళ్ళు.

చాలా ఏళ్ళ కిందట హిల్మర్ అని ఒక రైతు, భార్య ఇర్మాతో కలిసి ఒక సాయంత్రం అక్కడికొచ్చాడు. కారు ఇర్మా నడుపుతోంది, దాని వెనక చిన్న ట్రైలరు. హిల్మర్ గట్టు మీద నిలబడి టార్చి ఊపుతూ — "రానీ... రానీ..." అంటున్నాడు. అంతకుముందు రెండు రోజులుగా వానలు. గట్టు లోపల్లోపల నానిపోయి ఉందని ఆయనకి తెలీదు. ఆయన రానీ అన్నాడు. ఆవిడ వచ్చింది. ముందు ట్రైలరు, దాని వెంట కారు, కార్లో ఇర్మా... అన్నీ ఆయన పక్కనుంచే నీళ్ళలోకి జారిపోయాయి.

తర్వాత హిల్మర్ ఇంకొన్నేళ్ళు బతికాడు, దాన్ని బతకడం అంటే. ప్రతి సాయంత్రం టార్చి పట్టుకుని వచ్చి అక్కడే నిలబడేవాడు. పోయాక కూడా ఆ అలవాటు పోలేదంటారు. చీకట్లో ఆ జాగాలోకి బండి వెనక్కి పెడుతుంటే పక్క అద్దంలో ఒక మనిషి కనపడతాడట. మొహం కనపడదు. టార్చి వెలుగు, చెయ్యి... అంతే. రానీ... రానీ... రానీ...

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. లేకపోతే ఈ కథే లేదు.

సాయంత్రం పూట పార్కులో మాకున్న వినోదమల్లా కొత్తగా వచ్చినవాళ్ళు బండి వెనక్కి పెట్టుకోవడం చూడటం. కుర్చీలు వేసుక్కూచుని మరీ చూస్తాం. స్టీరింగు దగ్గర మొగుడు, వెనక పెళ్ళాం. ఆవిడ కుడి అంటుంది, ఆయన ఎడమకి తిప్పుతాడు. ఆ కాసేపూ చూస్తే చాలు, వాళ్ళ కాపురం ఎలాంటిదో తెలిసిపోతుంది. అయితే నవ్వుకోవడం అయిపోయాక ఎవరో ఒకరు తింటున్న ప్లేటు పక్కన పెట్టి లేచి వెళ్ళి, బండి వెనక నిలబడి చెయ్యి ఊపుతారు. అడగాల్సిన పన్లేదు. పేరు కూడా అడగం. కష్టంలో ఉన్న బండి వెనక ఎవరూ నిలబడకపోవడమంటే మా దగ్గర చావుకి వెళ్ళకపోవడంతో సమానం.

పదిహేడో నంబరుకి మాత్రం, చీకటి పడితే ఎవరూ లేవరు. లేస్తే తమనే దెయ్యం అనుకుంటారేమోనని కొందరంటారు. అదంతా సాకు. భయం.

ఆర్డిస్ హోవ్డా వచ్చింది వేసవి చివర, లేబర్ డే సెలవుల వారంలో. జరిగిందంతా తర్వాత ఆవిడే నాకు చెప్పింది. కొంత నేను చూశాను.

ఆవిడకి డెబ్బై దాటాయి. ఉండేది ఒమాహాలో. మొగుడు వెర్లిన్ పుట్టింది మా స్టెన్‌బర్గ్‌లోనే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా వేసవిలో ఇక్కడికొచ్చి, చుట్టుపక్కల పార్కులన్నీ తిరిగి వెళ్ళేవాళ్ళు. అది ఆయనకి మతి సరిగా ఉన్నప్పటి మాట. ఇప్పుడు వెర్లిన్‌కి మతిమరుపు జబ్బు. మొదట తాళాలు మర్చిపోయాడు, తర్వాత దారులు, తర్వాత కూతురు. ఆఖరికి ఆర్డిస్. రెండేళ్ళుగా ఆవిడని "మేడమ్" అనే పిలుస్తున్నాడు. సెలవులు అయిపోగానే ఆయన్ని అలాంటివాళ్ళ కోసం ఉన్న ఇంట్లో చేర్పించాలని కూతురు అన్నీ ఖాయం చేసేసింది.

ఒక్క వారం గడువడిగింది ఆర్డిస్. ఆ వారం ఆయన్ని సొంత ఊరూ, తిరిగిన పార్కులూ అన్నీ తిప్పాలని. ఎక్కడో ఒకచోట, ఒక్కసారి, తనని పెళ్ళాంగా గుర్తుపడితే చాలని. ఆ తర్వాత ఎక్కడ చేర్చమంటే అక్కడ చేరుస్తానంది.

సొంత బండి ఎప్పుడో అమ్మేశారు. అందుకని మా ఊళ్ళో గేలన్ దగ్గర ఆర్‌వీ ఒకటి అద్దెకి తీసుకుంది. మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ ఉన్న ఇల్లుబండి. గేలన్ మంచివాడే. నోరు మాత్రం ఊరుకోదు.

"మీ ఆయన నడపరా అమ్మా?" అన్నాడు తాళాలిస్తూ.

"ఆయనెప్పుడూ నడపలేదు నాయనా. నేను బ్రెడ్డు కంపెనీ వ్యాను నడిపినదాన్ని. స్టీరింగు నాది, వెనక నిలబడేది ఆయన."

"అయితే మీ ఇంట్లో అంతా తలకిందులన్నమాట."

"పోట్లాట లేకుండా నలభై ఏళ్ళు గడిచాయి. తలకిందులే మంచిదేమో," అంది ఆర్డిస్.

వెర్లిన్ టోపీ చేత్తో పట్టుకుని టైర్లు చూస్తూ నిలబడ్డాడు. "బాగుంది మేడమ్," అన్నాడు పెళ్ళాంతో. "మీదేనా ఈ బండి?"

గేలన్‌కి అప్పుడర్థమైంది. ఏం మాట్లాడాలో తోచక, తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు — కథ మొదలెట్టాడు. హిల్మర్ సంగతి, ఇర్మా సంగతి, అద్దంలో చెయ్యి సంగతి.

"నవ్వులాటకే అంటున్నానమ్మా. కానీ ఒక్కమాట గుర్తుంచుకోండి. మా పార్కులో ఎక్కడైనా మీకు సాయానికి మనుషులొస్తారు. ఆ చివర, రాత్రిపూట మాత్రం ఒక్కడూ రాడు. వచ్చాడూ అంటే... వాడు మావాడు కాదు. ముందు గేరు వేసి, వెనక్కి చూడకుండా పోవడమే."

ఆర్డిస్ నవ్వింది. నవ్వి మర్చిపోయాననుకుంది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఊళ్ళో వెర్లిన్ తండ్రి పనిచేసిన ధాన్యం గిడ్డంగి కూల్చేశారు. ఆ ఖాళీ జాగా ముందు బండి ఆపి ఆర్డిస్ చాలాసేపు చూసింది. ఆయన కూడా మర్యాదకి చూశాడు. కేఫ్‌లో పనిచేసే ముసలామె గుర్తుపట్టి, "నువ్వు వెర్లిన్‌వి కదూ? మా అన్నయ్యతో బేస్‌బాల్ ఆడేవాడివి!" అంది. "అలాగా, చాలా సంతోషం," అన్నాడాయన. రూబార్బ్ పై అనే తీపి రొట్టె ముక్క మొత్తం తిని, ఇద్దరికీ థాంక్స్ చెప్పాడు.

తర్వాత పార్కులు. ఎర్రరాళ్ళ మీంచి దూకే జలపాతం దగ్గర, "గుర్తుందా, ఇక్కడే కాలు జారి నీళ్ళలో పడ్డావు," అంది ఆర్డిస్.

"పడ్డానా? అయితే తడిసిపోయి ఉంటాను," అన్నాడు వెర్లిన్.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన తన జేబురుమాలు తీసిచ్చాడు... దారిన పోయే మనిషికి ఇచ్చినట్టు.

ఆ వారమంతా ఆర్డిస్ ఒక జాగ్రత్త పడింది. బండి వెనక్కి పెట్టాల్సిన అవసరం లేని జాగాలే చూసుకుంది. ఇటునుంచి దూరితే అటునుంచి బయటపడే జాగాలు. వెనక నిలబడేవాడు లేడు కదా.

ఆఖరి రోజు బైసన్ దున్నల పార్కుకి వెళ్ళారు. అక్కడ ఆవిడ నీళ్ళ సీసా కొనేలోపు వెర్లిన్ ఎవరిదో కార్లో ఎక్కి, బెల్టు కూడా పెట్టేసుకుని కూచున్నాడు. దిగమంటే దిగడు. "మా వాళ్ళొస్తారు, నేను వాళ్ళతోనే వెళ్తాను," అంటాడు. బతిమాలి దించేసరికి పొద్దు వాలిపోయింది. మా పార్కుకి వచ్చేసరికి చిమ్మచీకటి.

నేను ఆ సాయంత్రం చర్చి భోజనాల దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. గేటు దగ్గర ఖాళీ జాగాల బోర్డు చూసుకుని వెళ్ళడమే ఆవిడ పని. సెలవుల వారం కదా, అన్నీ నిండిపోయాయి. ఒక్కటే ఖాళీ.

పదిహేడు.

వేరే దారి లేదు. వెర్లిన్ మాత్ర వేసుకుని వెనక మంచం మీద పడుకున్నాడు. ఈ ఒక్క రాత్రే కదా అనుకుని, వరసగా ఉన్న బళ్ళ ముందునుంచి నెమ్మదిగా చివరికి పోనిచ్చింది. ప్రతి బండి ముందూ మంటలు వెలుగుతున్నాయి. కుర్చీల్లో జనం ఉన్నారు. ఆవిడ బండి ఎటు పోతోందో అందరూ చూశారు. ఒకరొకరే లేచారు... కుర్చీలు మడుచుకున్నారు... లోపలికి వెళ్ళిపోయారు.

ఒక్కరు కూడా రాలేదు.

ఆర్డిస్ బండి ఆపింది. టార్చి తీసుకుని దిగి గట్టు వైపు నాలుగడుగులు వేసింది. చెట్లు కనపడ్డాయి. చెట్ల అవతల నీళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. గేలన్ మాట గుర్తొచ్చింది. ఎవరో తన వెనకే నిలబడ్డట్టు అనిపించి, గబగబా వచ్చేసి, టార్చి పక్క తలుపు లోపలి మెట్టు మీద పెట్టి బండి చుట్టూ ఒకసారి చూసుకుంది... ముందు పక్క తలుపు తీసి సీట్లోకి ఎక్కేసింది.

టార్చి మెట్టు మీదే మర్చిపోయింది. ఆ మెట్టు తలుపు గడియ వెయ్యడమూ మర్చిపోయింది.

రివర్సు గేరు వేసింది. వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కీ... కీ... మని బండి మోగడం మొదలెట్టింది. అద్దంలోకి చూసింది.

ఎవరూ లేరు.

ధైర్యం చాలక బ్రేకు మీద కాలు అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే కూచుంది. మళ్ళీ చూసింది —

చెట్ల మధ్య ఒక వెలుగు లేచింది. నెమ్మదిగా... ఒక మనిషి ఎత్తు వరకు. ఆ వెలుగు వెనక మొహం లేదు. వెలుగు కింద ఒక చెయ్యి... ముందుకీ వెనక్కీ... రానీ... రానీ... రానీ...

ఆర్డిస్ తర్వాత చెప్పింది — "అన్నిటికన్నా నన్ను భయపెట్టిందేంటో తెలుసా మార్లిస్? ఆ చెయ్యి చూడగానే నా కాలు దానంతటదే బ్రేకు మీంచి లేచింది. నేను లేపలేదు. ఆ చెయ్యి ఎటు రమ్మంటే అటు వెళ్ళాలని నా ఒంటికి ముందే తెలిసినట్టు... నన్ను లాక్కుంటోంది అనుకున్నాను. ఇర్మాని ఇలాగే లాక్కుందనుకున్నాను."

ఆ చెయ్యి ఒకసారి ఆగింది. ఎడమకి కొంచెం... అన్నట్టు సైగ చేసింది. మళ్ళీ — రానీ...

ఆర్డిస్ ముందు గేరు వేసింది. వెనక్కి చూడకుండా పోనిచ్చింది. మెట్టు తలుపు టపటపా కొట్టుకుని దానంతటదే మూసుకుంది. వరసలో బళ్ళన్నీ దీపాలార్పేసుకుని పడుకున్నాయి. గేటు దాటింది, కంకరరోడ్డు దాటింది, మొక్కజొన్న చేల మధ్యనుంచి హైవే మీదకొచ్చి, పెట్రోలు బంకు దీపాల కింద ఆగింది.

సీట్లోంచి లేచి వెనక్కెళ్ళింది... ఆయన లేచి ఉంటే భయపడతాడని, ఏం లేదులే పడుకో అని చెప్దామని.

దుప్పటి పక్కకి తీసి ఉంది. మంచం ఖాళీ. బూట్లు లేవు.

ఆవిడకి మొదట తట్టింది, అది ఆయన్ని తీసుకుపోయిందని. మెట్టు వైపు చూసింది. టార్చి లేదు. అప్పుడు... అప్పుడు తెలిసింది.

అద్దంలో చెయ్యి ఊపింది వెర్లిన్.

బండి రివర్సు మోత విని లేచాడు. నలభై ఏళ్ళు ఆ మోత విన్నప్పుడల్లా ఏం చేశాడో అదే చేశాడు. కూతుర్ని మర్చిపోయినవాడు, సొంత పేరు అడిగితే ఆలోచించేవాడు, బూట్లు తొడుక్కుని టార్చి తీసుకుని వెళ్ళి పెళ్ళాం కోసం బండి వెనక నిలబడ్డాడు. దేనికోసమైతే ఆవిడ వారమంతా ఊళ్ళు పట్టుకుని తిరిగిందో అది అద్దంలో కనపడింది. ఆవిడ దాన్ని చూసి పారిపోయింది.

ఇది విన్నప్పటినుంచి నాకు గేలన్ మీద కోపం. హిల్మర్ మీద కోపం. దీపాలార్పుకున్న ఆ మనుషులందరి మీదా కోపం. ఎవరి మీద కోపపడితే ఏం లాభం?

ఆర్డిస్ బంకులోంచి ఫోను చేస్తే షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు కోరీ అక్కడికొచ్చాడు. చిన్నప్పుడు నా బస్సులో వచ్చేవాడు, ఇప్పుడు నడుముకి తుపాకీ. ఆవిడ వాలకం చూసి, బండి నడపనివ్వనన్నాడు. తన కార్లో ఎక్కించుకుని పార్కుకొచ్చి నన్ను లేపాడు.

"మార్లిస్, చెరువు గట్టు నీకు బాగా తెలుసు. రా."

"ఎన్నో నంబరు?"

వాడు కారు తలుపు తీశాడు. నేను కోటు వేసుకుని కారెక్కాను. ఆర్డిస్ వెనక సీట్లో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎలా ఉందని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కదా.

"ఫరవాలేదు," అంది. "ఇంతకన్నా ఘోరంగా కూడా ఉండొచ్చు." మా వైపు మనుషులు ప్రాణం పోతున్నా ఈ మాటే అంటారు.

మలుపు తిరిగాం. దూరాన... చెట్ల మధ్య... వెలుగు.

కోరీ బ్రేకు తొక్కేశాడు. ఆర్డిస్ మాత్రం కారు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తింది.

వెర్లిన్ రెండు చెట్ల మధ్య గట్టు మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. ప్యాంటు మంచుకి మోకాళ్ళ దాకా తడిసింది. టార్చి ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"నెమ్మది మేడమ్," అన్నాడు. "అక్కడ వేర్లున్నాయి, పడతారు."

"వెర్లిన్... నేను. నేను ఆర్డిస్‌ని."

"ఆర్డిసా?" ఆయన మొహం వెలిగింది. రెండేళ్ళలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. "ఆర్డిస్ బండిలో ఉంది. ఇప్పుడే ముందుకి తీసింది. తిన్నగా చేసుకుని మళ్ళీ వస్తుంది. ఒక్కసారికి పెట్టలేదులెండి, ఏ మూడోసారికో పెడుతుంది."

ఆర్డిస్ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మెల్లిగా విడిపించుకున్నాడు, నొప్పించకుండా.

"మీరు కాస్త పక్కకుండండి. వచ్చేస్తుంది."

ఆవిడ వెనక్కి తిరిగింది. ఆ క్షణంలో ఆవిడ మొహంలో ఆశ చూశాను. అంత ఆశని నేను మళ్ళీ చూడదల్చుకోలేదు.

"కోరీ," అంది గుసగుసగా, "నన్ను నా బండి దగ్గరికి తీసుకెళ్ళు. ఆయన చూస్తోంది బండి కోసం. నేను బండిలో వస్తే... నేనే."

వాళ్ళిద్దరూ వెళ్ళారు. నేనూ వెర్లినూ మిగిలాం, పదిహేడో నంబరులో, రాత్రిపూట. నా వీపు నీళ్ళ వైపు ఉండకుండా చూసుకుని నిలబడ్డాను.

"మీరు అటు జరగండి," అన్నాడు వెర్లిన్. "అక్కడుంటే మీరు కూడా అద్దంలో పడతారు. నేనొక్కణ్ణే కనపడాలి. లేకపోతే ఆవిడ కంగారు పడుతుంది."

జరిగాను. ఆయన్ని మాటల్లో పెట్టాలనిపించింది. స్కూలు బస్సు నడిపినదాన్నైనా ఆ మాత్రం తెలివుంది, నిప్పు ఆరిపోకుండా ఊదుతూ ఉండాలని.

"మీ ఆవిడ బాగా నడుపుతుందా?"

"ముందుకైతే బ్రహ్మాండం. వెనక్కే... ఎడమ పక్క చెట్టున్నా చూసుకోదు. చెప్పాలి. చెప్తే వింటుంది. మొండిదనుకుంటారు గానీ నా మాట వింటుంది." నవ్వాడు. "పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఒక రాత్రి వానలో... రానీ రానీ అంటూ నేనే బురదలో వెల్లకిలా పడ్డాను. అద్దంలో నేను కనపడక ఆ పిల్ల ఎంత అరిచిందో. దిగొచ్చి, నువ్వు కనపడకపోతే నేను కదలను గాక కదలనంది. అందుకే ఎంతసేపైనా నిలబడతాను."

"చాలాసేపయిందా మీరు నిలబడి?"

"కొంచెం. నాకన్నా ముందు ఇక్కడ ఒకాయన ఉన్నాడు. బట్టలన్నీ తడి. ఆయనా టార్చి పట్టుకుని... మీకెందుకు, మా ఆవిడకి నేను చెప్పుకుంటాను, మీరు వెళ్ళండి అన్నాను. పాపం, మంచివాడే. అటు వెళ్ళాడు."

టార్చితో చెరువు వైపు చూపించాడు. నేను అటు చూడలేదు. ఇప్పటికీ, చూడనందుకు నాకేం బాధ లేదు.

"ఇంకా చెప్పండి," అన్నాను. "ఆర్డిస్ గురించి చెప్పండి."

చెప్పాడు. బ్రెడ్డు వ్యాను గురించి, ఆవిడ జుట్టుకి అంటుకునే పిండి వాసన గురించి. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగాడు. మాట వెతుక్కున్నట్టు చెరువు మీదకి చూశాడు. పొగమంచు కమ్ముకుంటోంది. చలికి వణుకుతున్నాడు, నా కోటు తీసి కప్పాను.

"బ్రెడ్డు వ్యాను..." అన్నాను.

"ఏం వ్యాను?"

"మీ ఆవిడది. ఆర్డిస్."

"ఓ," అన్నాడు మర్యాదగా. టార్చి ఎత్తిన చెయ్యి కొంచెం కిందకి దిగింది.

నేను రోడ్డు వైపు చూశాను. త్వరగా రా తల్లీ, త్వరగా రా అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. హైవే దాకా వెళ్ళి రావాలి, అంత పెద్ద బండి, కంకరరోడ్డు. ఆయన మొహం నా కళ్ళముందే ఖాళీ అయిపోతోంది. ఏం మాట్లాడినా ఆయనకి అందటం లేదు. పేరు చెప్పాను, ఒమాహా అన్నాను, కూతురి మాటెత్తాను. అన్నిటికీ తల ఊపాడు. కాసేపటికి చెట్టు వేరు మీద కూచుని, టార్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు మలుపు దగ్గర దీపాలు కనపడ్డాయి.

ఆర్డిస్ తనే నడుపుతోంది. కోరీ ఆపలేకపోయినట్టున్నాడు. మమ్మల్ని దాటి ముందుకెళ్ళింది, ఆపింది, కిటికీ అద్దం దించింది. ఎర్రదీపాలు వెలిగాయి. కీ... కీ... కీ...

ఆ మోత వినగానే వెర్లిన్ తలెత్తాడు. చెయ్యి అందించి లేపాను. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. నేను మొత్తం పక్కకి తప్పుకున్నాను, అద్దంలో ఆయనొక్కడే పడేలాగ. టార్చి తీసి ఆయన చేతిలో పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి గానీ అది దేనికో ఆయనకి తెలీలేదు. ఎవరిదో వస్తువు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

బండి కదల్లేదు. బ్రేకు తొక్కిపెట్టి ఎదురుచూస్తోంది. పక్క అద్దంలో ఆవిడ మొహం చిన్నగా కనపడుతోంది. రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది.

వెర్లిన్ ఆ అద్దంలోకి చాలాసేపు చూశాడు. నా వైపు ఒంగి, పరాయివాళ్ళ కష్టం గురించి మాట్లాడేటప్పుడు అందరం తగ్గిస్తామే, అలా గొంతు తగ్గించాడు.

"ఎవరండీ ఆవిడ? ఇంత రాత్రప్పుడు ఒక్కతే... వెనక నిలబడి రానీ అనేవాళ్ళు ఎవరూ లేరా పాపం?"

కిటికీ తెరిచే ఉంది. ఆ మాట ఆవిడకి వినపడింది. ఉన్నారని ఒక్క అబద్ధమాడదామని నోరు తెరిచాను. రాలేదు.

"లేరు," అన్నాను.